వైరస్సే నిద్రలేపే మందు

నేను బీటెక్ సెకండ్ ఇయర్‌లో ఉన్నప్పుడు మా అమ్మమ్మకి నడుం పక్కన సర్పి లేచింది. చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందని ఇంట్లో ఒకటే భయం. వారం రోజులు జాజు పూశారు. ఆ తర్వాత డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన మొదట అడిగింది ఇదే: "పొక్కులు లేచి ఎన్ని రోజులైంది?" ఆ ప్రశ్న వెనక పెద్ద కథే ఉంది.

1960లలో చాలామంది సైంటిస్టులు ఏమనుకునేవారంటే, వైరస్ మన కణంలో దూరి మన సరంజామానే వాడుకుంటుంది, కాబట్టి దాన్ని కొట్టే మందు మన కణాన్నీ కొడుతుంది. గెర్ట్రూడ్ ఇలియన్ మాత్రం దారి వెతుకుతూనే ఉన్నారు. 1937లో న్యూయార్క్‌లో కెమిస్ట్రీ డిగ్రీ చేసినా, ఆడపిల్ల అని ల్యాబ్ ఉద్యోగం ఇవ్వలేదు ఆవిడకి. పీహెచ్‌డీ పూర్తి చేయలేదు. 1944లో బరోస్ వెల్‌కమ్ కంపెనీలో చేరారు. 1970లలో అక్కడే హోవర్డ్ షేఫర్ ఎసైక్లోవిర్ తయారుచేస్తే, అది ఎలా పనిచేస్తుందో ఇలియన్ టీమ్ తేల్చింది.

కోడ్ రాసేవాడిగా నాకు బాగా నచ్చిన పార్ట్ ఇది. ఈ మందు మామూలు కణంలో దాదాపు నిద్రపోతూ ఉంటుంది. హెర్పిస్ వైరస్ సొంతంగా తయారుచేసే థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమే దాన్ని లేపుతుంది. లేచాక అది వైరస్ డీఎన్ఏలో అక్షరంలా దూరిపోతుంది. ఆ తర్వాత ఇంకో అక్షరం అతకదు. కాపీ అక్కడితో ఆగిపోతుంది.

1982లో అమెరికాలో జననాంగాల హెర్పిస్‌కి ఆయింట్‌మెంట్‌గా, 1985లో క్యాప్సూల్‌గా వచ్చింది. సర్పి తెచ్చేది ఇదే కుటుంబంలోని ఇంకో వైరస్, అంటే చిన్నప్పటి ఆటలమ్మ వైరస్సే. దానికీ ఇదే మందు. 1988లో ఇలియన్‌కి నోబెల్ వచ్చింది, మరో ఇద్దరితో కలిపి.

అయితే నరాల్లో దాక్కుని నిద్రపోయే వైరస్‌ని ఇది ఏమీ చేయలేదు. కాపీ అవుతున్నప్పుడే పట్టుకోగలదు. అందుకే సర్పికి 72 గంటల్లోపు మొదలుపెట్టమంటారు. డాక్టర్ అడిగిన ప్రశ్న అదే!

అమ్మమ్మకి పొక్కులు మానాయి గానీ, మంట రెండేళ్లు పోలేదు. ముందే వెళ్తే తప్పేదని గ్యారంటీగా చెప్పలేను. కానీ ఆ ఛాన్స్ మేమే పోగొట్టాం. సర్పి విషయంలో భయం ఆపింది, జననాంగాల హెర్పిస్ విషయంలో సిగ్గు ఆపుతుంది. మందు 40 ఏళ్లుగా షాపులో ఉంది. మనం టైమ్‌కి డాక్టర్ దగ్గరికి వెళ్లడమే మిగిలింది.