గోరంత ఎడం

బోదకాలు మాత్రలు పంచడానికి గుమ్మంలోకి వచ్చినవాళ్లు ముందు వయసు అడుగుతారు. అయిదేళ్లలోపు పిల్లలకు 100 మిల్లీగ్రాములు, పద్నాలుగేళ్ల దాకా 200, ఆపైన 300. రెండేళ్లు నిండని పసివాళ్లకు అసలు ఇవ్వరు. ఆ డీఈసీ మాత్ర భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం ఇచ్చిందే. అదే బృందం చేతుల్లో పుట్టిన అమినోప్టెరిన్‌ను మాత్రం తలచుకునేవారు తక్కువ.

సుబ్బారావు అన్న పురుషోత్తాన్ని స్ప్రూ వ్యాధి పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బుకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో లెడర్లీ ప్రయోగశాలలో తయారు చేసింది. దాని జాతి పదార్థాలు ఇస్తే రక్తక్యాన్సర్ పిల్లల్లో జబ్బు ఉరకలెత్తినట్టు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు కనిపించింది. మరి ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడేది ఇస్తే? సుబ్బారావు బృందం అలాంటి మందును, అమినోప్టెరిన్‌ను, పంపింది. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు: పదహారు మంది పిల్లల్లో పది మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆశ వదులుకున్న తల్లులకు కొన్ని నెలలు దొరికాయి. నెలలే.

జబ్బు తిరగబెట్టింది. పైగా నోటినిండా పుళ్లు, రక్తస్రావం. క్యాన్సర్ కణాన్ని ఆపే మోతాదుకీ, బిడ్డ ఎముకల్లోని మూలుగను మాడ్చే మోతాదుకీ మధ్య ఎడం గోరంత. ఈనాడైతే రోగులను చీట్లు తీసినట్టు జట్లుగా విడదీసి, జట్టుకో మోతాదు ఇస్తారు. గుణం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోతుందో ఒక గీత, కీడు ఎక్కడ తలెత్తుతుందో ఇంకో గీత గీస్తారు. ఒకే రోగికి మోతాదు పెంచుకుంటూ పోతే, మార్పు మోతాదు వల్ల వచ్చిందో గడిచిన రోజుల వల్ల వచ్చిందో తేలదు. ప్రాణం పోతున్న పసివాడి మంచం పక్కన ఆ గీతలు గీసే వ్యవధి ఎవరికుంది? ఫార్బర్‌ను నేను తప్పుపట్టలేను.

1948 ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్లకే కన్నుమూశారు. 1950లలో ఎలుకల మీద పోల్చి చూస్తే, అమినోప్టెరిన్ తోబుట్టువు మెథోట్రెక్సేట్‌కు ఎడం ఎక్కువని తేలింది. 1964తో అమినోప్టెరిన్ అమ్మకం ఆగిపోయింది.

మెథోట్రెక్సేట్ నేటికీ ఉంది. కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజే వేసుకోమంటారు. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. మీ ఇంట్లో ఆ మాత్రలుంటే, వారంలో ఏ రోజు వేసుకోవాలో అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఇవాళే రాయించండి.