తీగ మారింది, మన అలవాటు మారలేదు



మీ చేని గట్టున నిలిచిన స్తంభాన్ని ఒక్కసారి తల యెత్తి చూడండి. దాని మీది తీగలన్నీ ఒక జాతివి కావు. ఏది ఎప్పుడు, ఏ పనికి వచ్చిందో తెలుసుకుంటే దేనితో ఎలా మెలగవలెనో తెలుస్తుంది.

మొదట వచ్చినది టెలిగ్రాఫు తీగ. ఓషానెస్సీ అనే వైద్యుడు కలకత్తా దగ్గర 1839లో దీనిని పరీక్షించి చూచాడు. 1851లో కలకత్తా నుండి డైమండ్ హార్బరుకు లైను నడిచింది. 1855 నాటికి ఆగ్రా, బొంబాయి, మద్రాసులకు తంతి వార్తలు పోసాగినవి. అప్పటిది తీగ అనేకంటె ఇనుప కడ్డీ అనడం మేలు. కోతులు వేలాడినా, పక్షులు గుంపుగా వాలినా తెగరాదని అంత లావున వేశారు. వార్త పోవడానికి ఒక్క తీగ చాలేది, తిరుగుదారి భూమే.

1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసులలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు వచ్చినవి. మాట స్పష్టంగా వినబడడానికి రానురాను జంట తీగలు వేశారు. స్తంభాలకు అడ్డకమ్ములు, పింగాణీ గుబ్బలు పెరిగినవి.

ఈ తీగలలో కరెంటు బహు స్వల్పం. గాలివానకు తెగి పడితే జనం చేత్తోనే పక్కకు లాగేవారు. మా తాతగారింట బట్టలారేసే దండెం పాత టెలిగ్రాఫు తీగే! ఆ ధైర్యమే తరువాత మన కొంప ముంచింది.

ఎలాగంటారా? 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు వచ్చింది. 1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి బోర్డు ఏర్పడింది. పంపుసెట్ల కోసం తీగ పొలాల మీదుగా నడిచింది. రాగి ఖరీదు, బరువు కూడాను. అల్యూమినియం తేలిక, కాని బలం తక్కువ. అందుచేత నడుమ ఒక ఉక్కు తీగ పెట్టి, చుట్టూ ఆరు అల్యూమినియం తీగలు పేనారు. దీనికి పైతొడుగు లేదు. చుట్టూ ఉన్న గాలి, కింది పింగాణీ గుబ్బ, ఇవే దానికి రక్ష. తెగి నేల మీద పడితే ఆ రక్ష పోయినట్లే.

పైన మూడే తీగలు పోతుంటే అది సాధారణంగా 11,000 వోల్టుల లైను. ట్రాన్స్‌ఫార్మరు దాటిన తరువాత నాలుగైదు తీగలుంటవి; అందులో రెండు ఫేజుల నడుమ సుమారు 415 వోల్టులు. ప్రాణం తీయడానికి రెండూ చాలును.

మా ఊళ్ళో ఒక పెద్దాయన, గాలివాన వెలిసిన తెల్లవారుజామున, చేలో పడిన తీగను పక్కకు తీయబోయి మరి లేవలేదు. తన తండ్రి చేసిన పనే ఆయనా చేశాడు. తీగ మాత్రం ఆ తీగ కాదు.

టెలిగ్రాము సేవ 2013 జూలైలో ఆగిపోయింది. ఇప్పుడు కొన్ని చోట్ల నల్లని తొడుగు వేసి, జడలా పేనిన కరెంటు కేబులు వేస్తున్నారు. ఇంటర్నెట్టు కోసం గాజుపోగుల కేబులు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో ప్రారంభించి, కరెంటు స్తంభాల మీదనే లాగారు. గాజుపోగులో పోయేది వెలుగే, కరెంటు కాదు. అయినా పైతీగ తెగి దాని మీద పడి ఉండవచ్చును గదా! తొడుగు చిట్లిన నల్ల కేబులునూ నమ్మరాదు.

కాబట్టి పడిన తీగ ఏ జాతిదో తేల్చే పని మనది కాదు. నిప్పురవ్వలు లేవని, మోటారు ఆగిందని దగ్గరకు పోకండి. పచ్చికర్రతో తోయకండి. పది మీటర్ల దూరాన నిలిచి, పిల్లలనూ పశువులనూ రానీయకండి. 1912కు ఫోను చేయండి. లైనుమన్‌కు కబురు పెట్టండి. సప్లై ఆపామని ఆయన నోట వినేదాకా కాపలా ఉండండి.

ఒక గంట నీరు ఆలస్యమైతే పైరు ఓర్చుకుంటుంది. ఇంటి యజమాని పోతే ఆ ఇల్లు ఓర్చుకోలేదు.