పంచకల్యాణి, పృషదశ్వం: అశ్వలక్షణాల చారిత్రక పరిశీలన

తెలుగు జానపద కథల్లో రాజకుమారుడు ఎక్కే గుర్రం తరచు పంచకల్యాణి. నాలుగు పాదాలూ ముఖమూ తెల్లగా ఉన్న గుర్రానికి ఆ పేరు. శాలిహోత్రుడి పేర, నకులుడి పేర ప్రచారంలో ఉన్న సంస్కృత అశ్వశాస్త్రాలూ, తెలుగులో మనుమంచి భట్టు రచించిన హయలక్షణ గ్రంథమూ గుర్రపు వన్నెలను, సుడులను, మచ్చలను శుభాశుభ సూచకాలుగా గ్రహించాయి. ఇట్టి లక్షణశాస్త్రాన్ని మూఢవిశ్వాసమని తోసిపుచ్చడమో, ఆధునిక విజ్ఞానానికి పూర్వరూపమని కీర్తించడమో పరిపాటి అయింది. పరిశీలనను, ఫలనిర్ణయాన్ని వేరుచేసి చదివితే ఈ రెండు ధోరణులూ నిలువవని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట పరిశీలన సంగతి. 12వ శతాబ్దంలో హేమచంద్రుడు అభిధానచింతామణిలో అష్టమంగళాశ్వాన్ని నిర్వచిస్తూ తోక, రొమ్ము, గిట్టలు, జూలు, ముఖం తెల్లగా ఉండాలన్నాడు. గిట్టలు నాలుగింటినీ విడిగా లెక్కిస్తే స్థానాలు ఎనిమిది అవుతాయి. పంచకల్యాణిలోనూ అష్టమంగళంలోనూ తెలుపు ప్రధానంగా దేహపు కొసలనే ఆశ్రయించి ఉంది. ఇది కవికల్పన కాదు. పిండదశలో రంగునిచ్చే కణాల మూలకణాలు వెన్ను ఏర్పడే రేఖ వెంబడి పుట్టి దేహమంతటా వలసపోతాయి. నుదురు, మూతి, పాదాలు అవి చివరగా చేరే చోట్లు. వలస మందగించినా, కణాలు చాలకపోయినా ఆ చోట్లు తెల్లగా మిగులుతాయి.

ఈ వలసను నడిపే జన్యువుల్లో కిట్, ఎం.ఐ.టి.ఎఫ్., పాక్స్3 ముఖ్యమైనవి. అరేబియన్ గుర్రాలపై చార్లెస్ వుల్ఫ్ 1989 నుంచి ప్రచురించిన అధ్యయనాలు, సాధారణమైన తెల్లమచ్చలు ఒకే జన్యువు ఫలితం కావనీ, అనేక జన్యువులతో పాటు యాదృచ్ఛికతకూ వాటిలో పాత్ర ఉందనీ చూపాయి. నల్లజూలు గల ఎర్రగోధుమ గుర్రాల్లో కంటే ఒళ్లంతా ఎర్రగా ఉన్న గుర్రాల్లో తెలుపు ఎక్కువ. ఒకే జన్యుసంపదతో పుట్టిన క్లోన్ గుర్రాల్లో సైతం కాళ్ల తెలుపు హద్దులు ఒకేలా ఉండవు. కనుక పంచకల్యాణి జంటకు పంచకల్యాణి పిల్లే పుట్టాలన్న నియమం లేదు. ఆ గుర్రానికి దక్కిన గౌరవంలో ఈ అనిశ్చితికీ పాలు ఉండవచ్చు.

చుక్కల మార్గం వేరు. అమరకోశం వాయువుకు చెప్పిన పర్యాయపదాల్లో పృషదశ్వుడు ఒకటి; చుక్కల గుర్రాలు గలవాడని దాని అర్థం. వేదంలో మరుత్తులకూ ఇదే విశేషణం. ఫ్రాన్సులోని పెష్ మెర్ల్ గుహలో సుమారు 25,000 ఏళ్ల నాటి చుక్కల గుర్రాల చిత్రాలు ఉన్నాయి. అవి కేవలం ఊహాచిత్రాలన్న వాదం చాలాకాలం సాగింది. 2011లో ప్రచురితమైన పరిశోధన మచ్చికకు ముందటి 31 గుర్రాల అవశేషాలను పరీక్షించి, ఆరింటిలో చుక్కల జన్యురూపాన్ని గుర్తించింది. నాటి చిత్రకారుడు చూసినదాన్నే గీసి ఉండవచ్చునని దీనివల్ల తేలింది.

ఈ చుక్కలకు మూలమైన టి.ఆర్.పి.ఎం.1 జన్యువు కంటిపొరలోనూ పనిచేస్తుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ చుక్కల రూపాన్ని పొందిన గుర్రానికి పుట్టుకతోనే రేచీకటి. ఒకరి నుంచే పొందినదానికి రాత్రిచూపు మామూలే. అంటే ఒంటిమీది గుర్తు గుర్రపు శక్తిని తెలుపుతుందన్న శాస్త్రకారుల మూలభావన ఇక్కడ నిజమైంది. అయితే అది తెలిపేది గుర్రం చూపును గురించే, యజమాని భాగ్యాన్ని గురించి కాదు.

ఫలనిర్ణయానికి మాత్రం కాలమే ఆధారం. ప్రాచీన అశ్వాల అవశేషాలపై 2016లో వెలువడిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు తరచు కనిపించిన చుక్కలూ బొల్లిమచ్చలూ మధ్యయుగాల్లో తగ్గి, ఒకే వన్నె గుర్రాలు పెరిగాయి. ఆ మార్పు ప్రధానంగా మనుషుల అభిరుచిదని పరిశోధకుల భావన. ఏ మచ్చ ఎక్కడ ఎలా వస్తుందో నిర్ణయించేది జీవప్రక్రియ. దాన్ని మంగళమనో అమంగళమనో నిర్ణయించేది సమాజం. అశ్వశాస్త్రాలు ఈ రెంటినీ ఒకే పద్యంలో ఇమిడ్చాయి. వాటిని విడదీసి చదవడం నేటి పరిశోధకుల బాధ్యత. అప్పుడే ఆ గ్రంథాలు గుర్రాల చరిత్రకూ, వాటిని కోరుకున్న మనుషుల చరిత్రకూ సాక్ష్యాలుగా నిలుస్తాయి.