గోదావరి నీరు, మన పూర్వుల అన్నము



మన ఆలయమున పూజ చేయునపుడు అర్చకుడు కలశమున నీరు నింపి, గంగాయమునలతోపాటు గోదావరిని ఆవాహనము చేయును. ఆ నదీప్రాంతమునుండియే మన పూర్వులలో అనేకులు ఈ మారిషసు ద్వీపమునకు వచ్చిరి. గోదావరి సముద్రమున కలియు చోటునకు చేరువనున్న కోరంగి రేవున ఓడ నెక్కి వచ్చినందున ఇచ్చటివారు మనవారిని కొరింగీలనిరి. అంతటి జీవనది చెంత పుట్టినవారు కూటికొఱకు సముద్రము దాటవలసి వచ్చుటకు కారణమేమి?

వాన తక్కువగుట ఒక్కటియే కారణము కాదు. నదికి వచ్చిన వరదనీరు సముద్రము పాలగుచుండెను. దానిని నిలిపి పొలములకు మరల్చు ఆనకట్ట లేకుండెను. చెరువులు పూడిపోయినను బాగుచేయించువారు అరుదు. నందన నామ సంవత్సరమున, అనగా 1832-33లో, కరువు వచ్చినపుడు గుంటూరు మండలమున 5 లక్షల జనులలో సుమారు 2 లక్షలమంది మరణించిరని అంచనా. గోదావరి మండలమున 1821లో 7 లక్షల 38 వేలుగానున్న జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగెను. మారిషసు చెరకుతోటలకు ఒప్పందపు కూలీలను తెచ్చుట 1834లో ప్రారంభమైనది. ఆకలిగొన్నవానికి ఓడయే దారియయ్యెను.

పిమ్మట ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరమువద్ద 1847లో ఆనకట్టను ప్రారంభించి 1852లో పూర్తిచేసెను. నది అదియే, నేల అదియే. కాలువలు మాత్రమే క్రొత్తవి. 1876-78లో దక్షిణదేశమున ఘోరక్షామము ప్రబలినపుడు గోదావరి డెల్టా పండి, ఇతరులకును ధాన్యము నొసగెను.

ఇది దూరదేశపు గాథ యని తలపరాదు. మన ద్వీపమున 1885లో మార్-ఓ-వకోవా జలాశయము నిర్మింపబడినను అనావృష్టి భయము తొలగలేదు. 1998లో 6 లక్షల 28 వేల టన్నులుగానున్న పంచదార దిగుబడి, 1999 నాటి అనావృష్టివలన సుమారు 3 లక్షల 73 వేల టన్నులకు పడిపోయెను. మనము భుజించు బియ్యము దాదాపు అంతయు ఓడలపై వచ్చునదే. కావున ఇచ్చట వాన తప్పిన చెరకును కూరగాయలును తగ్గును; బియ్యము పండించు దేశమున వాన తప్పిన మన యింటి అన్నమునకే వెల పెరుగును.

ఆకాశము వాన నిచ్చును; దానిని దాచుకొనుట మానవుని పని. ఇంటికప్పునుండి జారు నీటిని తొట్లలో పట్టుడు. ఏటిలో చెత్త వేయకుడు. పెరటిలో నాలుగు కూరపాదులు పెంచుడు. మన పెద్దలు ఊరు విడుచుటకు గల కారణమును పిల్లలకు తెలియజెప్పుడు. నీటి విలువ నెఱిగిన యింట అన్నమునకు లోటుండదు.