గిడ్డంగి, బలిషావ్: రెండు రేవుమాటల వ్యుత్పత్తి

ఆదానపదాల వ్యుత్పత్తిని నిర్ణయించడానికి ధ్వనిసామ్యం ఒక్కటే చాలదు. ఆ పదం ఏ వస్తువుతో, ఏ దారిన, ఏ కాలంలో ప్రయాణించిందో కూడా తేలాలి.

మకావులో పోర్చుగీసు సంతతివారు చిన్న రొయ్యలను ఉప్పుతో పులియబెట్టి చేసే వ్యంజనం పేరు 'బలిషావ్'. దీనికి మూలం మలయ్ భాషలోని 'బెలచాన్'. పోర్చుగీసువారు 1511లో మలక్కాను ఆక్రమించి, 1557 నాటికి మకావులో స్థిరపడ్డారు. మలయ్ పదాంతంలోని అనునాసికం వారి నోట 'ఆవ్' అనే నాసిక్యధ్వనిగా మారింది. గోవాలో అదే పదం 'బల్చావ్' అయింది. దివిసీమలో రొయ్యలను ఎండబెట్టి నిల్వచేయడం వాడుక. ఎండురొయ్యలు, రొయ్యపొట్టు తెలుగు పేర్లే. పులియబెట్టిన ముద్ద ఇక్కడి వంటలో నిలవలేదు కనుక దాని పేరూ నిలవలేదు.

ఇదే మార్పు మరో పదంలోనూ కనిపిస్తుంది. మలయ్ 'గుదాంగ్' పోర్చుగీసులో 'గుదావ్', ఆంగ్లంలో 'గోడౌన్' అయింది. మలయ్ రూపానికి తెలుగు 'గిడ్డంగి' గాని, తమిళ 'కిడంగు' గాని మూలం కావచ్చునని హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు (1886) సూచించింది. ఈ రెండింటిలో ఏది?

తమిళంలో ధాతువు స్పష్టం: 'కిడ' అంటే పడివుండు, సరుకు పడివుండే చోటు కిడంగు. అయితే మలయ్‌లో క, గ భేదార్థకాలు. తమిళ కకారం అక్కడ గకారం కావడానికి కారణం చూపాలి. తెలుగు రూపంలో ఆ గకారం ముందే ఉంది. ధాతువు తమిళం వైపు, పదాది హల్లు తెలుగు వైపు మొగ్గుతున్నాయి. తొలి అచ్చు 'ఉ' కావడానికి ఏ రూపమూ సమాధానం ఇవ్వదు.

ఈ పదం మచిలీపట్నం నుంచే ఓడ ఎక్కిందనడం ఆకర్షణీయమైన ఊహ. దీనికి కాలక్రమం అడ్డువస్తుంది. డచ్చివారు అక్కడికి 1605లో, ఆంగ్లేయులు 1611లో వచ్చారు. గుదావ్ 16వ శతాబ్దపు పోర్చుగీసు రాతలలోనే ఉంది. కాబట్టి కోరమండల వర్తకులకూ మలక్కాకూ అంతకుముందే ఉన్న సంబంధంలో దీని మూలాన్ని వెతకాలి. మలయ్‌లో దక్షిణ భారతీయులకు 'కెలింగ్' అనే పేరు కళింగశబ్దం నుంచి వచ్చినదే. అయినా ఆ పేరు తమిళులకూ వర్తించింది. దానినిబట్టి తెలుగు మూలమని తేల్చలేం.

నేడు గుడివాడలో ధాన్యం నిల్వచేసే కట్టడం వాడుకలో గోడౌను, రాతలో గిడ్డంగి. మన నిఘంటువులు ఈ రెండింటినీ జ్ఞాతిపదాలుగా ఒకేచోట చూపి, మూలాన్ని 'తమిళ-తెలుగు తీరం' వరకే నిర్ధారించడం సమంజసం. ఇప్పటి ఆధారాలు అంతవరకే అనుమతిస్తున్నాయి.