కవల గర్భంలో జంట గుండె చప్పుళ్లు

కవల గర్భంలో జంట గుండె చప్పుళ్ల గుర్తింపు అంటే, ఒకే కడుపులో పెరుగుతున్న ఇద్దరు శిశువుల గుండెలూ విడివిడిగా కొట్టుకుంటున్నాయని చెవితో గానీ, డాప్లర్‌తో గానీ, స్కానింగ్ తెరమీద గానీ నిర్ధారించడం. రెండు చోట్ల చప్పుడు వినిపించడం ఒక ఎత్తు, ఆ రెండూ ఇద్దరివేనని తేల్చడం మరో ఎత్తు. పరీక్షలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ రెండో మెట్టు దగ్గరే జరుగుతాయి.

స్థానిక వివరాలకు ఈ వ్యాసం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాన్ని తీసుకుంటుంది.

గుండె ఎప్పుడు మొదలవుతుంది

ఫలదీకరణ జరిగిన సుమారు 22, 23 రోజులకు పిండం గుండె కదలిక మొదలవుతుందని పిండశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. ఆసుపత్రి లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి నడుస్తుంది కాబట్టి అది ఐదు వారాలు దాటిన సమయం. యోని మార్గంలో చేసే స్కానింగ్‌లో ఆరో వారం ప్రాంతంలో గుండె కదలిక కనిపిస్తుంది. అప్పుడు నిమిషానికి దాదాపు 100 నుంచి 115 సార్లు కొట్టుకునే గుండె, తొమ్మిదో వారానికి 170 దరిదాపులకు చేరి, తర్వాత క్రమంగా నెమ్మదిస్తుంది. నెలలు నిండే సమయానికి 110 నుంచి 160 మధ్య ఉంటే మామూలుగా పరిగణిస్తారు. కవలల్లోనూ ఇవే హద్దులు. ఇద్దరి వేగమూ ఒకటిగా ఉండాలని లేదు, తేడా ఉండాలనీ లేదు.

చెవితో విన్న కాలం

గర్భస్థ శిశువు గుండె చప్పుడు మొదట ఎవరు విన్నారన్నది తేలని విషయం. మార్సాక్ అనే వైద్యుడు దాన్ని విన్నట్టు 17వ శతాబ్దపు ఫ్రెంచి కవిత ఒకదానిలో ప్రస్తావన ఉందని చరిత్రకారులు చెబుతారు. దాన్ని వైద్య సాక్ష్యంగా ఎంతవరకు తీసుకోవచ్చో అనుమానమే. జెనీవా శస్త్రవైద్యుడు ఫ్రాంస్వా మేయర్ 1818లో, తల్లి నాడికి భిన్నమైన శిశువు గుండె చప్పుడు విన్నట్టు ప్రకటించాడు. అయితే ఆయన తల్లి పొట్టకు నేరుగా చెవి ఆనించి విన్నాడు, ఆ పరిశీలనను పెద్దగా ముందుకు తీసుకుపోలేదు. లెన్నెక్ 1816లో రూపొందించిన స్టెతస్కోపును గర్భిణుల మీద ప్రయోగించి, ఫలితాన్ని 1821 చివర్లో పారిస్ వైద్య అకాడమీ ముందు పెట్టినవాడు ఫ్రెంచి వైద్యుడు కెర్గరాడెక్. ఉమ్మనీటిలో శిశువు కదలిక సవ్వడి వినాలని కూర్చున్న ఆయనకు తల్లి నాడికంటే ఎంతో వేగంగా సాగే టిక్ టిక్ చప్పుడు వినిపించింది.

ప్రాథమ్యం మేయర్‌దే అనేవారి మాట కాలక్రమం ప్రకారం నిజమే. కవలల వరకు చూస్తే మాత్రం గౌరవం కెర్గరాడెక్‌కు దక్కడమే న్యాయం. ఈ చప్పుడుతో గర్భం ఉందో లేదో, శిశువు ఏ స్థితిలో ఉందో, ఎటు తిరిగి ఉందో తెలుసుకోవచ్చని చెబుతూ, కవలలను గుర్తించవచ్చని కూడా ఆయన అప్పుడే సూచించాడు. డబ్లిన్‌లో ఎవరీ కెనెడీ 1833లో ప్రచురించిన పుస్తకంతో ఈ విద్య ఇంగ్లీషు వైద్య ప్రపంచంలో స్థిరపడింది.

మన ఆరోగ్య ఉపకేంద్రాల్లో ఏఎన్ఎంల చేతిలో కనిపించే బాకా ఆకారపు ఫీటోస్కోపు అడాల్ఫ్ పినార్ పేరుమీదిది. ఎక్కువ పుస్తకాలు దాని తేదీని 1895గా ఇస్తాయి, కొన్ని 1876 అంటాయి. ఈ వ్యాసం మొదటిదాన్నే పాటిస్తోంది. తలకు తగిలించుకునే అమెరికన్ స్టెతస్కోపు విషయంలో మరో తగాదా ఉంది. డేవిడ్ హిల్లిస్ దాన్ని 1917లో వర్ణించాడు, జోసెఫ్ డిలీ 1922లో. ఇప్పుడు ఇద్దరి పేర్లూ కలిపే పిలుస్తున్నారు.

ఇద్దరు వినే పద్ధతి

ఫీటోస్కోపుతో కవలలను గుర్తించడానికి భారతీయ వైద్య విద్యార్థులు ఇప్పటికీ నేర్చుకునే నియమం ఒకటుంది. ఒకరు వింటే చాలదు. పొట్ట మీద రెండు వేర్వేరు చోట్ల ఇద్దరు పరీక్షకులు ఒకే సమయంలో విని లెక్కపెట్టాలి, ఆ రెండు చోట్ల మధ్య చప్పుడు వినిపించని జాగా ఉండాలి, ఇద్దరి లెక్కకూ మధ్య నిమిషానికి కనీసం 10 తేడా రావాలి. డి.సి. దత్తా ప్రసూతిశాస్త్ర పాఠ్యగ్రంథంలో ఈ నియమం ఉంది.

ఇది గదిలో ఎలా జరుగుతుందో చూస్తే నియమం వెనకున్న ఆలోచన తెలుస్తుంది. ముందుగా చేత్తో తడిమి శిశువుల వీపులు ఎటున్నాయో పోల్చుకుంటారు, ఎందుకంటే చప్పుడు వీపు వైపు నుంచే బాగా వస్తుంది. ఒకరు బొడ్డుకు ఎడమగా కింద, మరొకరు కుడిగా పైన బాకా ఆనిస్తారు. చెవికి, పొట్టకు మధ్య అది నొక్కుకుని నిలవగానే చేయి తీసేస్తారు. పట్టుకున్న వేళ్ల రాపిడి కూడా చప్పుడులో కలుస్తుంది మరి. ఇద్దరూ వింటున్న లయను రెండో చేతి వేలితో మంచం అంచు మీద కొడతారు. ఆ వేళ్లు ఒకదానికొకటి తప్పిపోతూ ఉంటే మూడోవారికి కళ్లకే తెలిసిపోతుంది. అదే సమయంలో తల్లి మణికట్టు నాడి చూడడం తప్పనిసరి. ఆందోళనలోనో జ్వరంలోనో తల్లి నాడి 120 దాటిందంటే, పొట్టలోని పెద్ద రక్తనాళాల చప్పుడును రెండో శిశువుదిగా పొరబడే ప్రమాదం ఉంది.

రెండు గుండెలూ ఒకే చోట కలిసి వినిపిస్తే గుర్రం దౌడు లాంటి లయ వస్తుందని, దాన్ని ఆర్నూ లక్షణం అంటారని పాత గ్రంథాల్లో ఉంది. దాని మీద ఆధారపడి నిర్ధారణ చేయమని ఇప్పుడు ఎవరూ చెప్పరు.

ఈ పద్ధతి బలహీనత కూడా దాని నియమంలోనే ఉంది. ఇద్దరు శిశువుల వేగమూ 10 లోపు తేడాతో ఉంటే అది మౌనం వహిస్తుంది. పైగా ఫీటోస్కోపుకు సుమారు 18 నుంచి 20 వారాలకు ముందు పని లేదు, ఆచరణలో ఐదో నెల దాటాకే నమ్మకంగా వినిపిస్తుంది. ఉమ్మనీరు ఎక్కువైతే, ఒక శిశువు వెనకవైపు ఉంటే రెండో చప్పుడు దొరకనే దొరకదు. స్కానింగ్ అందుబాటులోకి రాకముందు, మొదటి బిడ్డ పుట్టాక గానీ లోపల ఇంకొకరున్నారని తెలియని కాన్పులు మంత్రసానుల చేతిలోనే కాదు, ఆసుపత్రుల్లోనూ ఉండేవి.

తెరమీది గుండె

ఇయాన్ డొనాల్డ్ బృందం గ్లాస్గో నుంచి 1958లో అల్ట్రాసౌండ్ ఫలితాలను ప్రచురించాక దారి మారింది. హ్యూ రాబిన్సన్ 1972లో, ఏడో వారం నుంచే పిండం గుండె కదలికను పట్టుకోవచ్చని చూపాడు. ఈ మధ్యలో, 1960ల నడుమ, చేతిలో పట్టుకునే డాప్లర్ వచ్చింది. సుమారు 10, 12 వారాల నుంచి డాప్లర్‌తో చప్పుడు వినవచ్చు గానీ, కవలల్లో అది ఫీటోస్కోపు ఇబ్బందిని తీర్చదు సరికదా పెంచుతుంది. దాని కిరణం పక్కకు వాలితే ఒకే గుండె రెండు చోట్ల పలుకుతుంది. ఇంట్లో వాడుకునే డాప్లర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. కవల గర్భంలో వాటిని నమ్ముకుని, కదలికలు తగ్గినా ఆసుపత్రికి వెళ్లకుండా ఉండిపోవడం ప్రాణాంతకం కావచ్చు.

తొలి స్కానింగ్‌లో రెండు సంచుల్లో రెండు గుండెలు కనిపిస్తే విషయం తేలినట్టే. ఒకే సంచి కనిపించినా కవలలు కావచ్చు. ఆరో వారంలో ఒక గుండె మాత్రమే కనిపించి, పది పదిహేను రోజుల తర్వాత రెండోది బయటపడ్డ సందర్భాలు ఉన్నాయి. ఇందుకు తారుమారుగా, మొదట రెండు కనిపించి తర్వాత ఒకటి ఆగిపోవడమూ ఉంది. దాన్ని కనుమరుగయ్యే కవల అంటారు. తొలి వారాల్లో గుర్తించిన కవల గర్భాల్లో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా ఇలా జరుగుతుందని తరచుగా చెప్పే అంచనా. స్కానింగ్ ఏ వారంలో చేశారన్నదాన్ని బట్టి ఈ అంకె బాగా మారుతుంది. మొదటి మూడు నెలల్లో గుండె వేగాన్ని కొలవడానికి పల్స్ డాప్లర్ కన్నా ఎం-మోడ్ వాడటమే మంచిదన్నది అంతర్జాతీయ సంఘాల సూచన. శిశువుకు తగిలే శబ్దశక్తి అందులో తక్కువ.

గుండెలు రెండని తేలిన రోజునే అడగాల్సిన ప్రశ్న మాయ ఒకటా, రెండా అన్నది. దీనికి జవాబు 11 నుంచి 14 వారాల మధ్య స్కానింగ్‌లోనే స్పష్టంగా దొరుకుతుంది. ఇద్దరి మధ్య పొర మాయను కలిసే చోట ముక్కోణంలా మందంగా కనిపిస్తే ల్యాంబ్డా గుర్తు, అంటే మాయలు రెండు. పలుచని పొర నిటారుగా వచ్చి తగిలితే టి గుర్తు, అంటే మాయ ఒకటే. మాయ ఒకటైతే ఇద్దరి రక్తనాళాలూ కలిసి ఉంటాయి. అలాంటి గర్భాల్లో సుమారు 10 నుంచి 15 శాతంలో ఒకరి రక్తం మరొకరికి ఎక్కువగా ప్రవహించే స్థితి వస్తుంది. ఒకరి గుండె ఆగితే రెండోవారికి ప్రాణాపాయమో, మెదడు దెబ్బతినడమో జరగవచ్చు. అందుకే ఒకే మాయ ఉన్న కవలలకు 16వ వారం నుంచి రెండు వారాలకోసారి, రెండు మాయలుంటే నాలుగు వారాలకోసారి స్కానింగ్ చేయాలంటారు. నివేదికలో 'ఇద్దరి గుండె చప్పుడు ఉంది' అని రాసి మాయ సంగతి రాయకపోతే ఆ నివేదిక సగమే. ఏడో నెలలో ఎంత మంచి యంత్రం మీద చూసినా ఈ లోటు పూడ్చడం కష్టం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో

బీడీలు చుట్టే ఆడవాళ్లు, మరమగ్గాల కుటుంబాలు, గల్ఫ్‌లో పనిచేసే భర్తలు ఉన్న ప్రాంతమిది. స్కానింగ్ ఫొటో వాట్సాప్‌లో దుబాయి చేరడం ఇక్కడ మామూలు సంగతి. గర్భిణి పేరు నమోదు, మొదటి పరీక్షలు ఏఎన్ఎం, ఆశ కార్యకర్తల ద్వారా సాగుతాయి. 2016లో మొదలైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెల 9వ తేదీన వైద్యుల పరీక్ష ఉంటుంది. కవల గర్భం ప్రమాద గర్భాల జాబితాలోది కాబట్టి తల్లి కార్డు మీద ఎర్ర స్టిక్కర్ పడాలి. అక్కడి నుంచి కాన్పు జగిత్యాల మాతాశిశు కేంద్రం వంటి పెద్దాసుపత్రిలోనే జరగాలి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాదు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. శిశువు అవయవాలను వివరంగా చూసే టిఫా స్కానింగ్ యంత్రాలు 56 దాకా 2022 నవంబరులో రాష్ట్రంలోని ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చాయి. టిఫా చేసేది 18 నుంచి 22 వారాల్లో. మాయ లెక్క తేల్చే వారాలు అప్పటికి దాటిపోయి ఉంటాయి. ఐదో నెలలో పెద్ద స్కానింగ్ ఉందిగదా అని మూడో నెల స్కానింగ్ వదిలేయడం కవలల విషయంలో తగదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి, 60.7 శాతం సిజేరియన్లు. తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టడానికి ఇలాంటి అంకెలే నేపథ్యం. చెవితో వినే నైపుణ్యం అలాంటి శిక్షణల్లోనే బతికి ఉంటుంది.

సంతాన సాఫల్య చికిత్సలతో కవలలు పెరిగారు. తెలుగునాట అందరికీ తెలిసిన ఉదాహరణ 2019 సెప్టెంబరు 5న గుంటూరులో తూర్పు గోదావరి జిల్లా మహిళకు సిజేరియన్‌తో పుట్టిన కవల ఆడపిల్లలు. ఆమె వయసు 73 అని కొన్ని వార్తలు, 74 అని మరికొన్ని రాశాయి. సంతాన సాఫల్య చికిత్సలపై 2021లో వచ్చిన చట్టం తర్వాత 50 ఏళ్లు దాటిన స్త్రీకి ఇలాంటి చికిత్స చేయడం కుదరదు.

నమ్మకాలు, చట్టం

గుండె 140కి పైన కొట్టుకుంటే ఆడపిల్ల, కింద అయితే మగపిల్లాడు అన్న నమ్మకం చాలాచోట్ల ఉంది. కవలల్లో రెండు అంకెలు కనిపించేసరికి 'ఒకరు పాప, ఒకరు బాబు' అని లెక్క కట్టేస్తారు. పరిశోధనల్లో దీనికి ఆధారం దొరకలేదు. 1994 నాటి గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టం 1996 జనవరి 1న అమల్లోకి వచ్చింది, 2003లో మరింత కట్టుదిట్టమైంది. దాని కింద స్కానింగ్ చేసేవారు మాటతో గానీ, సైగతో గానీ లింగం చెప్పకూడదు, ప్రతి గర్భిణికీ ఫారం-ఎఫ్ నింపాలి. గుండె వేగం చెప్పడం, కవలలని చెప్పడం నేరం కాదు.

కాన్పు గదిలో

చివరి నెలల్లో ఎన్‌ఎస్‌టి యంత్రం ఇద్దరి గుండె వేగాన్నీ ఒకే కాగితం మీద రెండు గీతలుగా గీస్తుంది. ఆ గీతలు ఎత్తుపల్లాలతో సహా ఒకదాని మీద ఒకటి పడి నడుస్తుంటే నిశ్చింత పడకూడదు, రెండు ప్రోబులూ ఒకే శిశువును పట్టుకున్నాయేమోనని అనుమానించాలి. ఇద్దరి గుండెలూ కాసేపు నిజంగానే జతగా వేగం పెంచుకోవడం కూడా జరుగుతుంది కాబట్టి, స్కానింగ్‌తో ప్రోబు జాగా సరిచూడడం ఒక్కటే మార్గం. గీతలు కలిసిపోకుండా ఒకదాన్ని నిమిషానికి 20 పైకి జరిపి గీసే ఏర్పాటు కొన్ని యంత్రాల్లో ఉంది. ఆ ఏర్పాటు పెట్టి ఉందని తెలియనివారు చదివితే మామూలు వేగాన్ని అతివేగంగా లెక్కిస్తారు.

మొదటి బిడ్డ పుట్టగానే రెండో శిశువు ఎటు తిరిగి ఉందో, గుండె ఎలా ఉందో వెంటనే చూడాలి. గర్భసంచి కుంచించుకుపోవడం, మాయ ముందే ఊడడం, బొడ్డుతాడు జారడం వంటివి జరిగే సమయమిదే. ఇద్దరి మధ్య 30 నిమిషాలు దాటకూడదన్నది పాత నియమం. గుండె వేగాన్ని ఎడతెగకుండా చూస్తూ, అది సవ్యంగా ఉంటే గడియారం కోసం తొందరపడనక్కర్లేదని తర్వాతి వైద్యులు చాలామంది అంటారు. ఎడతెగని పరిశీలన, వెంటనే సిజేరియన్ చేసే వీలు ఉన్న చోటే ఆ సడలింపు వర్తిస్తుంది. అవి లేని చోట పాత నియమమే సురక్షితం.