కోపాన్ని కత్తితో కోసిన రోజులు

మానసిక వైద్యశాలలో నర్సుగా పనిచేసిన నాకు లోబోటమీ చరిత్ర చదివితే ఇప్పటికీ కడుపులో దేవుతుంది. 1935లో లిస్బన్‌లో ఎగాస్ మోనిజ్ మొదలుపెట్టిన శస్త్రచికిత్స అది. నుదుటి వెనకున్న మెదడు భాగం ఉద్వేగాలకు పగ్గం వేస్తుంది. లోపలి భాగాలతో దాన్ని కలిపే నరాల పోగులను తెంచితే ఆందోళన అణుగుతుందని ఆయన నమ్మాడు. కొందరిలో అణిగింది కూడా. దాంతోపాటే ఇష్టం, చొరవ, మాట పోయాయి.

అమెరికాలో రోజ్‌మేరీ కెనెడీకి, కాబోయే అధ్యక్షుడి చెల్లెలికి, 1941లో ఇదే చేశారు. కోపతాపాలు తగ్గాలని తండ్రి ఒప్పుకున్నాడు. అప్పుడామెకు 23 ఏళ్లు. ఆ తర్వాత సరిగా నడవలేదు, మాట్లాడలేదు. 2005లో పోయేదాకా ఇతరుల సంరక్షణలోనే బతికింది. మోనిజ్‌కు 1949లో నోబెల్ ఇచ్చారు! 1950ల్లో క్లోర్‌ప్రోమజైన్ మందు వచ్చాకే ఆ కత్తి మూలపడింది.

వార్డుల్లో ఉన్న చెల్లెళ్లకు నా మనవి: రోగి అరిస్తే, ముందు పక్కన కూర్చుని ఎందుకో అడగండి.